పంతొమ్మిది ఎలక్ట్రాన్ల పెట్టె: 850 రూపాయల పరమాణు కిట్టు మీద నా మాట

కావలిలో మా మిద్దె మీద సాయంత్రం పూట ట్యూషన్ చెప్తాను. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా పద్నాలుగు మంది పిల్లలు. లెక్కలు, సైన్సు. నేను బీయస్సీ చదివి ఇరవై రెండేళ్ళయింది, కానీ ఏటా ఒక పాఠం దగ్గర మాత్రం బండి ఆగిపోతుంది. అదే పరమాణు నిర్మాణం. ప్రోటాన్‌కి ధనావేశం, ఎలక్ట్రాన్‌కి రుణావేశం, న్యూట్రాన్‌కి ఏదీ లేదు అని మా వాళ్ళు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తారు. సోడియం పరమాణు సంఖ్య, అంటే ప్రోటాన్ల లెక్క, 11, ద్రవ్యరాశి సంఖ్య, అంటే ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపిన లెక్క, 23, మరి న్యూట్రాన్లెన్నిరా అంటే మాత్రం ఫ్యాను వైపు చూస్తారు. ఇరవై మూడులోంచి పదకొండు తీసెయ్యడం రాక కాదు, ఆ పన్నెండు ఎక్కడున్నాయో కంటికి ఆనక.

అందుకని ఈ కిట్టు కొన్నాను. పోయిన నెల నెల్లూరులో పెళ్ళికి పోయి, ట్రంకురోడ్డు పక్క సందులో సైన్సు సామాన్లు అమ్మే కొట్టుకెళ్ళా. అన్న ముందు 1100 చెప్పాడు. ట్యూషన్ పిల్లల కోసమన్నా, ఇంకా నలుగురు టీచర్లకు చెప్తాలే అంటే 850 కి దిగాడు. చెప్తానన్నాను కాబట్టి చెప్తున్నా, మంచీ చెడూ రెండూ.

పెట్టెలో ఒక గుండ్రటి ప్లాస్టిక్ పలక ఉంటుంది. మధ్యలో గిన్నెలా గుంట, అది కేంద్రకం. దాని చుట్టూ నాలుగు వలయాలు, వలయాల్లో బెజ్జాలు. ఎర్రపూసలు ఇరవై ప్రోటాన్లు, నీలంవి ఇరవై న్యూట్రాన్లు, పసుప్పచ్చవి ఇరవై ఎలక్ట్రాన్లు. గోలీలు దొర్లించే అట్ట ఒకటి, శాస్త్రవేత్తల కార్డులు ఆరు, ఒక చిన్న పుస్తకం. హైడ్రోజన్ నుంచి కాల్షియం దాకా ఇరవై మూలకాలూ చేసుకోవచ్చని పెట్టె మీదే రాశారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా దానికి.

ముందు పుస్తకం సంగతి. తెలుగులో కూడా ఉందని మురిసిపోయా. తెరిస్తే మొదటి పేజీలోనే 'ప్రోటాన్ ధనాత్మక రుసుమును కలిగి ఉంటుంది' అని ఉంది. నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. ఇంగ్లీషు 'ఛార్జ్'ని ఆవేశం అనాల్సిన చోటల్లా రుసుము అని అచ్చు కొట్టారు. 'ఎలక్ట్రాన్ ప్రతికూల రుసుము చెల్లిస్తుంది', 'న్యూట్రాన్‌కు ఎటువంటి రుసుము లేదు'. తొమ్మిదో తరగతి వాడొకడు గట్టిగా చదివి, "అంటే న్యూట్రాన్‌కి ఫీజు మాఫీనా టీచర్?" అన్నాడు. ఆ రోజుకిక పాఠం సాగలేదు.

కర్పరాన్ని, అంటే ఎలక్ట్రాన్లుండే వలయాన్ని, ఇంగ్లీషులో 'షెల్' అంటారు కదాని గుల్ల అన్నారు. 'మొదటి గుల్లలో రెండు, రెండవ గుల్లలో ఎనిమిది' అట. తుమ్మలపెంట నుంచి వచ్చే పిల్లోడు "గుల్లలైతే మా ఊళ్ళో సముద్రం ఒడ్డున బోలెడుండాయి, గోతం నిండా తెస్తా" అన్నాడు. ఆవర్తన పట్టిక కాస్తా ఆవర్తన బల్ల అయింది. నవ్వుకోవచ్చు, కానీ ఒక తప్పు మాత్రం నవ్వే రకం కాదు. పుస్తకం పొడుగునా పరమాణువునీ అణువునీ కలిపేసి రెంటికీ అణువు అనే రాశారు. ఒక ఆక్సిజన్ పరమాణువు, రెండు పరమాణువులు కలిసిన ఆక్సిజన్ అణువు. ఈ తేడా పిల్లల బుర్రకెక్కించడానికి నాకు ఎనిమిదో తరగతిలో రెండు వారాలు పడుతుంది. 850 పెట్టి కొన్న పుస్తకం ఒక్క పూటలో దాన్ని కడిగేస్తే కడుపు మండదా? పుస్తకాన్ని బీరువా మీద పెట్టేశా. మీరు కొన్నా అదే చెయ్యండి.

రెండో రోజు పూసలు లెక్కపెట్టించా. ఎరుపు ఇరవై, నీలం ఇరవై, పసుపు పంతొమ్మిది. మళ్ళీ లెక్కపెట్టించా. పంతొమ్మిదే. ఇరవై ప్రోటాన్లకి పంతొమ్మిది ఎలక్ట్రాన్లంటే, మా పెట్టెలో కాల్షియం పుట్టుకతోనే అయాన్, అంటే ఎలక్ట్రాన్ల లెక్క ప్రోటాన్లతో సరిపోనిది అన్నమాట. కొట్టన్నకి ఫోన్ చేస్తే "కంపెనీ వాళ్ళు లెక్కపెట్టే వేస్తారమ్మా, మంచం కింద చూసుకోండి" అన్నాడు. మా మిద్దె మీద గదిలో మంచమే లేదు.

అప్పుడు పదో తరగతి అమ్మాయొకతి కిందకి పోయి పోపుల డబ్బాలోంచి ఒక ఆవగింజ తెచ్చి, చిటికెడు మైనంతో ఆ ఖాళీ బెజ్జంలో అతికించింది. పక్కనే పసుపు పూస ఎర్రపూసంత లావుగా, అంత బరువుగా కూర్చోనుంది. పిల్లలు రెంటినీ చూస్తా ఉంటే నాకు వెలిగింది. ఈ కిట్టులో ఉన్న అసలు లోపం పూస తక్కువ కావడం కాదు, మూడు రంగుల పూసలూ ఒకే సైజు కావడం. వారం తర్వాత పెట్టిన చిన్న పరీక్షలో నలుగురు 'ప్రోటాన్, ఎలక్ట్రాన్ బరువులు సమానం' అని రాశారు. పోయినేడు కిట్టు లేనప్పుడు ఈ తప్పు ఒక్కరూ రాయలేదు. చేత్తో పట్టుకుని చూసింది మనసులో అలా నాటుకుంటుంది, నిజమైనా అబద్ధమైనా.

ప్రోటాన్ ద్రవ్యరాశి ఎలక్ట్రాన్ కంటే దాదాపు 1836 రెట్లు. న్యూట్రాన్ ప్రోటాన్ కంటే వెంట్రుకవాసి ఎక్కువ. ఈ 1836 ని ఊరికే చెప్తే ఇంకో అంకె, అంతే. సరేనని ఇంట్లో బియ్యం తెప్పించి ఒక్కొక్కరికి నూట ముప్ఫయి చొప్పున పద్నాలుగు మందినీ గింజలు లెక్కపెట్టమన్నా. అది 1820, మిగతా పదహారు నేను వేశా. ఒక గింజ ఎలక్ట్రాన్ అనుకుంటే ఈ కుప్పంతా కలిపి ఒక్క ప్రోటాన్. టీ గ్లాసులో పోస్తే పావు వంతుకొచ్చింది. ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో ఒక్క గింజ పెట్టి అందరి దగ్గరికీ తిప్పా. ఆ ఒక్క గింజ చేతిలో ఉందో లేదో కూడా తెలీడం లేదని ఒక పిల్ల వేళ్ళు విప్పి చూసుకుంది. ఇంతలో మా అత్త పైకొచ్చి, అందరూ తలలు దించుకుని బియ్యం ఏరుతుండారనుకుని, "రాళ్ళేరుతుండారా? మంచి పని. కింద ఇంకో అయిదు కేజీలుండాయి, తెచ్చేదా?" అంది.

దూరాల సంగతిలో కిట్టుని తప్పుపట్టలేం, అది ఎవరి వల్లా కాదు. పలక మీద కేంద్రకం గుంట నాలుగు సెంటీమీటర్లుంది. పరమాణువు కేంద్రకం కంటే సుమారు లక్ష రెట్లు వెడల్పు. ఆ లెక్కన బయటి ఎలక్ట్రాన్ రెండు కిలోమీటర్ల అవతల ఉండాలి. అంటే మా వీధి దాటి, ట్రంకురోడ్డు దాటి, ఊరి చివర పొలాల్లో ఎక్కడో ఒక ఆవగింజ, మధ్యలో అంతా ఖాళీ. పెట్టెలో పట్టించాలంటే అబద్ధం ఆడక తప్పదు. ఆ అబద్ధాన్ని పుస్తకంలో ఒక్క ముక్కలో ఒప్పుకునుంటే సరిపోయేది.

వలయాల బెజ్జాల దగ్గర మాత్రం కిట్టు చేసినవాళ్ళు బడికి పోయే పిల్లల్ని ఎప్పుడైనా చూశారా అని అనుమానం వచ్చింది. మొదటి వలయంలో 2, రెండో దాంట్లో 8, మూడో దాంట్లో 18, నాలుగో దాంట్లో 32 బెజ్జాలు. ఒక్కో కర్పరంలో ఎక్కువలో ఎక్కువ ఎన్ని పడతాయో చెప్పే సూత్రం ప్రకారం సరే. పొటాషియం చెయ్యండ్రా అన్నా. 19 ఎలక్ట్రాన్లు. రెండు పెట్టారు, ఎనిమిది పెట్టారు, మిగిలిన తొమ్మిదీ మూడో వలయంలోనే సర్దేశారు. తప్పు, చివరిది నాలుగో దాంట్లోకి పోవాల 2, 8, 8, 1 అన్నా. "ఇక్కడ ఇంకా పది ఖాళీలుండాయి కదా టీచర్, వీడు అంత దూరం పోయి ఒంటరిగా ఎందుకు కూర్చోవాల?" అని అడిగింది ఆవగింజ తెచ్చిన పిల్లే. బయటి కర్పరంలో ఎనిమిదికి మించవు అనే నియమం చెప్పా. అది నియమమే గానీ జవాబు కాదని నాకూ తెలుసు. అసలు కారణం శక్తి స్థాయిల్లో ఉంది, నాలుగో దాంట్లో మొదటి గది మూడో దాంట్లో చివరి గది కంటే తక్కువ శక్తితో దొరుకుతుంది, ఇంటర్లో వస్తుంది అన్నా. ఒప్పుకుందో లేదో గానీ పూస తీసి నాలుగో వలయంలో పెట్టింది. మీరు ఈ కిట్టు కొంటే మూడో వలయంలో ఎనిమిది బెజ్జాలు వదిలి మిగతా పదీ బంకమన్నుతో మూసేయండి. కాల్షియం దాకా అయితే అంతకు మించి అక్కర్లేదు.

ఇక గోలీల అట్ట. నాకు బాగా నచ్చింది ఇదే. మూత కింద ఎక్కడో ఒక చిన్న గుబ్బ దాచి ఉంటుంది, కనిపించదు. ఒక పక్క నుంచి గోలీలు దొర్లిస్తే చాలావరకు నేరుగా అవతలకి వచ్చేస్తాయి, కొన్ని పక్కకి తిరుగుతాయి, ఎప్పుడో ఒకటి వెనక్కొస్తుంది. దాన్నిబట్టి గుబ్బ ఎక్కడుందో కాగితం మీద గుర్తుపెట్టాల. రూథర్‌ఫర్డ్ అనే శాస్త్రవేత్త బంగారు రేకు మీదకి ఆల్ఫా కణాలు, అంటే ధనావేశమున్న చిన్న కణాలు, వదిలించి కేంద్రకం ఆచూకీ పట్టిన ప్రయోగాన్ని ఆటలో పెట్టడమంటే ఇట్టుండాల. కాకపోతే అట్టలో పదింట్లో రెండు గోలీలు గుబ్బకి తగులుతాయి. పాఠ్యపుస్తకం లెక్కలో వెనక్కి తిరిగొచ్చింది 12,000 ఆల్ఫా కణాలకి ఒకటి. గుబ్బని ఇంకా చిన్నది చేసుంటే పిల్లలు విసిగిపోయేవాళ్ళు, విసిగిపోతేనే అసలు సంగతి అర్థమయ్యేది.

ఆ రోజు సైదాపురం దగ్గర అమ్మమ్మగారూరు ఉన్న పిల్లోడొకడు నోటుపుస్తకంలో దాచుకున్న కాకిబంగారం ముక్క తెచ్చాడు. అభ్రకం అన్నమాట. ఆ చుట్టుపక్కల గనులకి పేరు కదా. గోటితో లాగితే పొర మీద పొర ఊడొస్తుంది. దాన్ని చూసి నాకు చదువుకున్న రోజుల ముక్క ఒకటి గుర్తొచ్చింది. బంగారు రేకు కంటే ముందే, 1906లో, రూథర్‌ఫర్డ్ కెనడాలోని మాంట్రియల్‌లో ఉన్నప్పుడు ఆల్ఫా కణాల దారిలో పల్చటి అభ్రకం రేకే అడ్డం పెట్టాడు. కణాలు రెండు డిగ్రీల దాకా పక్కకి ఒరిగాయి. రెండంటే రెండు డిగ్రీలు. ఇంకొకరైతే పరికరం వంకర అనుకుని వదిలేసేవాళ్ళే. ఆ పాటి ఒరగడానికే లోపల ఎంత బలమైన విద్యుత్తు ఉండాలో ఆయన లెక్కేసుకున్నాడు. 1909లో మాంచెస్టర్‌లో ఆయన దగ్గర పనిచేసే గైగర్, మార్స్‌డెన్ రేకుల మీద కణాలు వెనక్కి రావడం చూశారు, 1911లో కేంద్రకం సంగతి బయటపడింది. పిల్లోడు తన ముక్కని వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత దాన్ని ఎవరికీ ఇవ్వలేదు, ముట్టుకోనివ్వలేదు.

అదే ముక్కతో పొటాషియం కూడా పూర్తయింది. అభ్రకం పొరల మధ్య ఉండేది పొటాషియమే, ఆ చివరి ఒంటరి ఎలక్ట్రాన్‌ని పోగొట్టుకున్న పొటాషియం అయాన్. పొరల్ని పట్టి ఉంచేది అదే, పట్టు కాస్త వదులు కాబట్టి పొరలు ఊడేదీ అక్కడే. నాలుగో వలయంలో పూస తీసి పక్కన పెట్టండ్రా, ఇప్పుడు మీ చేతిలో ఉన్న కాకిబంగారంలో ఉండేది ఇదీ అన్నా.

ఉప్పు చేసి చూపిద్దామనుకుంటే కుదర్లేదు. సోడియంకి 11, క్లోరిన్‌కి 17, మొత్తం 28 ప్రోటాన్లు కావాల, ఉన్నవి ఇరవై. పలక కూడా ఒకటే. ఇస్కపల్లి ఉప్పు కయ్యలు ఇంత దగ్గర పెట్టుకుని సోడియం క్లోరైడు చెయ్యలేని కిట్టు ఇది. సుద్దముక్కతో నేల మీద వలయాలు గీసి క్లోరిన్‌కి పెసలు వాడాం. క్లోరిన్ ఐసోటోపులకీ, అంటే ప్రోటాన్లు అవే ఉండి న్యూట్రాన్లు మాత్రం తేడాగా ఉండే రకాలకీ, ఇదే తంటా. 35, 37 రెండూ పక్కపక్కన పెట్టి, ఎర్రపూసలు అవే పదిహేడు, నీలంవి మాత్రం ఒక దాంట్లో 18, ఇంకో దాంట్లో 20 అని చూపిస్తే ఒక్క చూపులో తెలిసిపోయేది. మూడు వంతులు 35, ఒక వంతు 37, అందుకే సగటు 35.5. ఒకటి చేసి, విప్పి, రెండోది చేసేసరికి మొదటిది మర్చిపోతున్నారు.

కానీ ఈ కిట్టు డబ్బులు వసూలైన సాయంత్రం ఒకటుంది. ఫ్లోరిన్ చేస్తున్నాం. తొమ్మిది ఎర్రవి, పది నీలంవి, తొమ్మిది పసుపువి, 2, 7. ఒక పిల్ల వాళ్ళ నాయనమ్మది కనిగిరి పక్క పల్లె. ఆ అవ్వ ఇక్కడికి వచ్చినప్పుడు నేనూ చూశా, పళ్ళు గోధుమరంగు గారపట్టి ఉంటాయి, మోకాళ్ళు మడవలేదు, అరుగు మీద కాళ్ళు చాపుకునే కూర్చుంటుంది. "మా అవ్వ నీళ్ళల్లో ఉండేది ఇదేనా టీచర్?" అంది పలక చూపిస్తా. ఇది కాదు, ఫ్లోరిన్ వాయువు ఒక్క క్షణం కూడా ఊరకుండదు, దేన్ని పడితే దాన్ని పట్టుకుంటుంది, బావి నీళ్ళల్లో ఉండేది ఫ్లోరైడు అన్నా. తేడా ఏంటంటే, ఇంకొక్క పసుపు పూస తీసి ఆ ఎనిమిదో బెజ్జంలో పెట్టు అన్నా. పెట్టింది. "ఇంతేనా?" ఇంతే. ప్రోటాన్లు తొమ్మిదే, న్యూట్రాన్లు పదే, ఎలక్ట్రాన్ ఒకటి ఎక్కువ. రాళ్ళల్లోంచి నీళ్ళల్లోకి దిగి, లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాము దాటి, ఏళ్ళ తరబడి తాగితే ఎముకల్లో కాల్షియంని పట్టుకుని కూర్చుంటుంది. ఆ పిల్ల పూసని తీసింది, మళ్ళీ పెట్టింది, మళ్ళీ తీసింది. అయితే నీళ్ళల్లోంచి ఆ ఒక్క పూసా తీసేస్తే చాలు కదా అంది. పలక మీద తీసినంత సులువుగా నీళ్ళల్లో దాన్నుంచి ఊడదే, అది దానికి బాగా ఇష్టమైన పూస, అందుకే ఫ్లోరైడుని ఫ్లోరైడుగానే వడగట్టాల అని చెప్పా. అప్పటికి ఎనిమిదిన్నర దాటింది, వాళ్ళ నాన్న కింద బండి హారన్ కొడుతున్నాడు, ఆ పిల్ల కదల్లేదు.

కార్డుల గురించి ఎక్కువ చెప్పను. ఎలక్ట్రాన్ కనిపెట్టిన థామ్సన్ కార్డు బాగుంది, 1897 కూడా సరిగ్గానే వేశారు. న్యూట్రాన్ కార్డు మీద మాత్రం రూథర్‌ఫర్డ్ బొమ్మ వేసి 1920 అని పెట్టారు. 1920లో ఆయన అలాంటి కణం ఉండొచ్చని ఊహించాడు, అంతే. కనిపెట్టింది చాడ్విక్, 1932లో. పెన్నుతో కొట్టేసి రాశా. పరీక్షలో ఒక మార్కు బిట్టు ఇదే వస్తుంది మరి.

పూసలు బెజ్జాల్లో వదులు, పలక ఎత్తితే ఎలక్ట్రాన్లు జలజలా రాలిపోతాయి. నేల మీద పెట్టే ఆడాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. మా తమ్ముడి కొడుక్కి రెండేళ్ళు, శెనగగింజ అనుకుని ఎర్రపూస నోట్లో పెట్టుకుంటే వేలు పెట్టి తీశాం. అయిదు చుక్కలకి మూడిస్తా. పుస్తకం తిరగరాసి, ఎలక్ట్రాన్ పూసలు చిన్నవి చేసి, పలకలు రెండిస్తే నాలుగున్నర ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. లెక్క నేర్పడానికి దీన్ని మించింది నేను చూళ్ళేదు. సోడియంలో న్యూట్రాన్లెన్ని అంటే ఇప్పుడు ఎవరూ ఫ్యాను వైపు చూడట్లేదు, నీలం పూసల వైపు చూస్తున్నారు.

పెట్టె మీద ఇరవై మూలకాలూ అని ఉందన్నాను కదా. పంతొమ్మిదే అవుతాయి. ఆర్గాన్ కాదు. ప్రోటాన్లు 18, ద్రవ్యరాశి సంఖ్య 40, అంటే న్యూట్రాన్లు 22 కావాలి. ఉన్నవి ఇరవై. ఆవర్తన పట్టికలో ఆర్గాన్ తర్వాత వచ్చే పొటాషియంకి, కాల్షియంకి ఇరవై సరిపోతాయి, మధ్యలో ఈ ఒక్కదానికే రెండు ఎక్కువ. ఆర్గాన్ 40, కాల్షియం 40 ఐసోబార్లు, అంటే మూలకాలు వేరైనా ద్రవ్యరాశి సంఖ్య ఒకటే, రెండూ చేయిస్తే ఎంత బాగుండేదో. మళ్ళీ కొట్టన్నకే ఫోన్ చేశా.

"న్యూట్రాన్లు విడిగా రావమ్మా. కావాలంటే ఇంకో సెట్టు తీసుకోండి, మీకు 850 కే ఇస్తా."

"రెండు నీలం పూసలకి 850 ఏందన్నా? మీ పుస్తకంలోనే న్యూట్రాన్‌కి రుసుము లేదని రాసుండాది."

"ఏం లేదమ్మా?"

చెప్పినా ఆయనకి ఎక్కలేదు. మా అత్త చింతపండు ఒలిచిన గింజలు చాటలో ఎండబెట్టి ఉంటే రెండు తెచ్చి, నీలం స్కెచ్చుపెన్ను పూసి గుంటలో వేశాం. ఆర్గాన్ అయింది.